అద్దం వెనక తిరిగే మెడ

సినిమా వస్తే సమీక్ష రాస్తాం, కథ వస్తే రాస్తాం, నాటకం ఎక్కడైనా బతికుంటే దానికీ రాస్తాం. ఊరి నడిబజారులో బంగారం దుకాణం అద్దానికి మాత్రం ఎవరూ సమీక్ష రాయరు. జనగామ స్టేషన్ రోడ్డులోనో, మానుకోట నెహ్రూ సెంటర్లోనో, భూపాలపల్లి అంబేద్కర్ సెంటర్లోనో సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక పావుగంట నిలబడి చూడండి. టికెట్టు లేని ఆట అది. బస్సు కోసం వచ్చినవాళ్ళు, మందుల షాపుకు వచ్చినవాళ్ళు, పత్తి అమ్మి డబ్బులు చేతిలో పట్టుకున్నవాళ్ళు, ఏమీ అమ్మనివాళ్ళు అందరూ ఒక్క క్షణం ఆగి చూసిపోతారు. ఊళ్ళో ఇంతమంది రోజూ చూసే కళారూపం ఇంకోటి లేదు. కళారూపం అనే మాట ఎక్కువని మీకనిపిస్తే, ఈ వ్యాసం చివరిదాకా నాకు అప్పు ఇవ్వండి.

నేను మాట్లాడుతున్నది అద్దంలో కదిలే వాటి గురించి. మఖమలు చుట్టిన మెడ బొమ్మ. దుకాణం వాళ్ళు దాన్ని డమ్మీ అంటారు. దాని కింద చిన్న మోటారు, మోటారు మీద పళ్ళెం. పళ్ళెం మెల్లగా తిరుగుతుంటే మెడ మీది హారం రాళ్ళు ఒక్కొక్కటీ దీపానికి ఎదురొచ్చి మెరిసి పక్కకు తప్పుకుంటాయి. కొన్నిచోట్ల పురి విప్పే నెమలి ఉంటుంది, కొన్నిచోట్ల రెండు చేతులూ జోడించి వంగి లేచే పట్టుచీర బొమ్మ. వీటిని కదిలించేది ఓ చిన్న మోటారు, రెండు మూడు ఇరుసులు, ఒక కమ్మీ. సాంకేతికంగా గోరంత. కానీ దీని వెనక రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే మన బజారులో ఏముందో, ఏం లేదో రెండూ కనిపిస్తాయి.

ముందుగా ఒక ప్రశ్న. కదిలే బొమ్మకూ నగల దుకాణానికీ ఈ చుట్టరికం ఎట్లా కుదిరింది? బట్టల దుకాణానికో బియ్యం దుకాణానికో ఎందుకు కాలేదు? జవాబు పనిముట్లలో ఉంది. గడియారం చేసేవాడూ నగ చేసేవాడూ వాడేవి దాదాపు అవే: కంటికి బిగించుకునే భూతద్దం, సన్నటి ఆకురాయి, పటకారు, సన్నటి రంపం. గింజంత చక్రానికి పళ్ళు కోసే చెయ్యి గింజంత రాయికి గూడు కట్టగలదు. అందుకే యూరప్‌లోనూ, తర్వాత మన దగ్గరా గడియారాల వ్యాపారం, నగల వ్యాపారం ఒకే కప్పు కింద నడిచాయి. మద్రాసు మౌంట్ రోడ్డు మీది పి. ఓర్ అండ్ సన్స్ గడియారాలూ అమ్మింది, వెండి సామానూ నగలూ చేసింది. మన కాలానికొస్తే గడియారాల కంపెనీ టైటన్ 1990లలో తనిష్క్ పేరుతో నగల్లోకి దిగింది. పైకి వింతగా కనిపించినా అది పాత బంధుత్వమే.

లండన్‌లో జేమ్స్ కాక్స్ అనే నగల వ్యాపారి ఉండేవాడు. 1772లో స్ప్రింగ్ గార్డెన్స్‌లో ఒక ప్రదర్శనశాల తెరిచి, రత్నాలు పొదిగిన యంత్రపు బొమ్మలు పెట్టి, అర గినీ టికెట్టు పెట్టాడు. ఆ రోజుల్లో అది చిన్న డబ్బు కాదు. ఆ బొమ్మల్లో ప్రసిద్ధమైంది 1773 నాటి వెండి హంస. నిలువెత్తు హంస. దాని కింద గాజు కడ్డీలు తిరుగుతుంటే నీళ్ళు పారుతున్నట్టుంటుంది. హంస మెడ తిప్పి, ఒళ్ళు సవరించుకుని, వంగి ఒక చేపను పట్టినట్టు కనిపిస్తుంది. ఆట మొత్తం నిమిషం కూడా పట్టదు. 1867 పారిస్ ప్రదర్శనలో దాన్ని చూసి మార్క్ ట్వేన్ తన యాత్రా పుస్తకంలో రాసుకున్నాడు. 1872లో ఒక పారిస్ నగల వ్యాపారి దగ్గర్నుంచి బోవ్స్ దంపతులు కొన్నారు. ఇప్పటికీ ఇంగ్లండులో వాళ్ళ పేరు మీది మ్యూజియంలో ఉంది. అంటే నగల వ్యాపారి చేయించిన హంస వందేళ్ళు తిరిగి మళ్ళీ నగల వ్యాపారి చేతి మీదుగానే గూటికి చేరింది. కాక్స్ మాత్రం బాగుపడలేదు. సరుకు వదిలించుకోవడానికి లాటరీ పెట్టాల్సి వచ్చింది. జనం చూడడానికి వస్తారు, కొనడానికి కాదు అన్న సంగతి అద్దంలో బొమ్మ పెట్టిన మొదటి తరానికే తెలిసొచ్చింది.

ఆ తర్వాత బొమ్మ లోపలి గదిలోంచి వీధి మీదికొచ్చింది. లండన్ చీప్‌సైడ్‌లో సర్ జాన్ బెనెట్ గడియారాల, నగల దుకాణం నెత్తిన గాగ్, మేగాగ్ అనే ఇద్దరు పురాణ వీరుల బొమ్మలు గంట కొట్టేవి. వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. హెన్రీ ఫోర్డ్ ఆ దుకాణం ముఖభాగాన్నీ బొమ్మల్నీ కొని అమెరికాలోని తన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కు తరలించాడు. కార్లు చేసి గుర్రబ్బండిని చంపిన మనిషి పాత బొమ్మల్ని దాచుకోవడం ఒక ముచ్చట.

మనవాళ్ళకు ఈ వంశంలో బాగా తెలిసిన బిడ్డ హైదరాబాదులో ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం సంగీత గడియారం. స్కూలు విహారయాత్రకు పోయిన ప్రతి తెలంగాణ పిల్లా దాని ముందు నేల మీద కూర్చునే ఉంటారు. దాని మీద కుక్ అండ్ కెల్వీ అనే పేరు ఉంటుంది. చాలామంది అదేదో గడియారాల కంపెనీ అనుకుని వదిలేస్తారు. కలకత్తాలో వాళ్ళు నగలు, వెండి, గడియారాలు మూడూ అమ్మిన వ్యాపారులు. అంటే మన పిల్లలు చూసి నోరెళ్ళబెట్టే ఆ బొమ్మ ఒక నగల దుకాణం పేరు మోస్తున్న బొమ్మ.

ఆ గడియారాన్ని ఒక రచనలా చదవండి. అందులో ఇద్దరున్నారు. గంట గంటకీ తలుపు తీసుకుని ఒక గడ్డపాయన బయటికొచ్చి, ఎంత గంటయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. జనం ఆయన కోసమే కూర్చుంటారు, పన్నెండు గంటలకయితే మరీ. రెండో బొమ్మ ఒక కమ్మరి. సుత్తె పట్టుకుని ప్రతి సెకనుకీ ఒక దెబ్బ వేస్తూనే ఉంటాడు. గడ్డపాయన రోజుకు ఇరవైనాలుగుసార్లు బయటికొస్తే కమ్మరి రోజుకు ఎనభైఆరువేల నాలుగువందల దెబ్బలు కొడతాడు. జనం లేచిపోయినా కొడతాడు, మ్యూజియం మూసినా కొడతాడు. వెట్టి గురించి ఇంత నిశ్శబ్దంగా చెప్పిన బొమ్మను నేను ఇంకెక్కడా చూడలేదు. చేసినవాళ్ళకు ఆ ఉద్దేశం ఉందని నేననను. కానీ ఆ గడియారం ముందు కూర్చున్న మనం విసునూరు దేశ్‌ముఖ్ కథలు విన్న నేల నుంచి వచ్చినవాళ్ళం. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య పడిపోయిన కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉంది. మన కళ్ళకు ఆ కమ్మరి వేరేగా కనబడతాడు, కనబడాలి కూడా.

ఇక ఇరవయ్యో శతాబ్దం. నగల దుకాణం అద్దం కోసమే, ఇంకో పని లేకుండా కదిలే బొమ్మల్ని చేసిన సంస్థ అమెరికాలో ఒకటుంది: కాలిఫోర్నియా సౌత్ పసడీనాలో 1925లో మొదలైన బారంజర్ స్టూడియోస్. నడిపింది భార్యాభర్తలు. 1950ల చివరిదాకా నూటయాభైకి పైగా నమూనాలు చేశారు. వీటిని అమ్మలేదు, అద్దెకిచ్చారు. చెక్కపెట్టెలో ఒక బొమ్మల గుంపు వచ్చేది, కొన్నాళ్ళు ఒక ఊరి నగల దుకాణం అద్దంలో ఆడేది, తర్వాత ఇంకో ఊరికి పోయేది, దాని స్థానంలో కొత్తది వచ్చేది. మన టూరింగ్ టాకీసు పద్ధతి. లోపల చిన్న కరెంటు మోటారు, దానికి బెల్టు, బెల్టుకు అంచు గుండ్రంగా లేని చక్రం. ఆ చక్రం అంచు ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ బొమ్మ చెయ్యి లేస్తుంది, ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడ దిగుతుంది. అంటే కథంతా చక్రం అంచు మీద కోసి ఉంటుంది. కొత్త దంపతులు రాకెట్‌లో హనీమూన్‌కు పోయే బొమ్మ వీటిలో పేరున్నది.

ఇప్పుడు బారంజర్ బొమ్మలకు పాతవస్తువుల సేకర్తల్లో మంచి గిరాకీ. వాటిని మెచ్చుకునేవాళ్ళు ముద్దుగా ఉన్నాయంటారు. ఉన్నాయి. కానీ వాటి కథలన్నీ కలిపి చూస్తే ఒకటే కథ: అబ్బాయి, అమ్మాయి, ఉంగరం. ఉంగరం లేకపోతే కథ కదలదు. డి బీర్స్ వాళ్ళ ప్రచారం వజ్రపుటుంగరం లేని పెళ్ళిని అమెరికావాళ్ళు ఊహించలేని స్థితికి తెచ్చిన దశాబ్దాలూ ఇవే. ఒకటి పత్రికలో చెప్పిన మాటను ఇంకొకటి వీధిలో ఆడి చూపించింది. అయినా బారంజర్ బొమ్మలకు ఒక గుణం ఉంది. వాటికి ముఖాలున్నాయి. విదూషకులున్నారు, ఏనుగులున్నాయి, నవ్వు ఉంది. చూసేవాడు మనిషని, నవ్విస్తే ఆగుతాడని వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు మన బజారుకు వద్దాం. మన అద్దంలో తిరిగే బొమ్మకు తల లేదు.

ఇది నేను ఎగతాళికి అనడం లేదు. మీరే చూడండి. ఆ మఖమలు డమ్మీకి మెడ ఉంటుంది, భుజాలు సగం ఉంటాయి, తల ఉండదు, చేతులు ఉండవు, నడుం కింద ఏమీ ఉండదు. హారం పెట్టడానికి ఎంత ఒళ్ళు కావాలో అంతే ఒళ్ళు. తల ఉంటే చూసేవాళ్ళు ముఖం చూస్తారు, నగ చూడరు అన్నది వ్యాపార తర్కం. సరే. కానీ ఆ కత్తిరింపు వల్ల పోయింది తల ఒక్కటే కాదు. మానుకోట జిల్లా తండాల జిల్లా. లంబాడీ ఆడవాళ్ళ ఆభరణాలు ఎక్కడెక్కడ ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. చెంపల పక్క జుట్టుకు వేలాడే టోప్లీలు, ముక్కుకు భూరియా, చేతి నిండా మోచేతి పైదాకా బలియాలు, కాళ్ళకు కడియాలు. మా వైపు రైతుల ఇళ్ళల్లో పాత తరానికి దండ కడియాలు, నడుముకు వడ్డాణం, కాళ్ళకు వెండి కడియాలు ఉండేవి. తల లేని, చెయ్యి లేని, కాలు లేని డమ్మీకి వీటిలో ఏది పెడతారు? పెట్టలేరు. పెట్టలేనివి అద్దంలోకి రావు. అద్దంలోకి రానివి పిల్లల కళ్ళకు నగలు కావు. వెండి కరిగించి గొలుసు చేయించుకున్న తండా ఆడపిల్లకు ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆ అద్దం ముందు ఆమె కొన్నేళ్ళు రోజూ నడిచింది, అంతే. ఒక డమ్మీ ఆకారం ఒక ప్రాంతం ఒంటిని తిరిగి గీసింది. సౌందర్యశాస్త్రం పుస్తకాల్లోనే ఉంటుందని అనుకునేవాళ్ళు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

అద్దం రాకముందు మన దగ్గర నగకు ప్రదర్శన లేదా అంటే, ఉంది. అవుసలి కూర్చున్న చోటే ప్రదర్శన. ఎదురుగా కుంపటి, చేతిలో ఊదుగొట్టం, పక్కన పటకార్లు, తీగ లాగే కమ్మచ్చు, గాజుపెట్టెలో చిన్న త్రాసు, తూకానికి గురిగింజలు. పుస్తెలు చేయించేవాళ్ళు ఎదురుగా కూర్చునేవాళ్ళు. తమ బంగారం కరగడం చూసేవాళ్ళు, తీగ సాగడం చూసేవాళ్ళు, గీటురాయి మీద గీత పడడం చూసేవాళ్ళు. ఆడవాళ్ళు లేచి పోరు, మాటలు పెడతారు, కళ్ళు మాత్రం కుంపటి మీద. అక్కడ కదిలేది బొమ్మ కాదు, మనిషి చెయ్యి. చూపు ఊరికే చూపు కాదు, కాపలా కూడా.

ఇది స్వర్ణయుగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ కాపలా ఎందుకంటే అనుమానం. అవుసలి మీద మన సామెతలు ఎంత నిష్ఠూరంగా ఉంటాయో తెలిసిందే. ఒక కులం మొత్తాన్ని దొంగను చేసిన సామెతలవి. ఆ ఎదురు కూర్చునే హక్కు కూడా అందరికీ ఒకేలా లేదు. ఊరి పెద్దింటివాళ్ళకు అవుసలి ఇంటికే వస్తాడు, మిగతావాళ్ళు అరుగు కింద. గాజు తలుపు తోసుకుని ఏసీలోకి పోయి కుర్చీలో కూర్చోవడం ఒక బొగ్గుబాయి కార్మికుడి భార్యకు చిన్న విషయం కాదు. భూపాలపల్లిలో దసరా ముందు సింగరేణి లాభాల వాటా, దీపావళికి బోనసు పడ్డప్పుడు ఆ దుకాణాల్లో కనిపించే ఆడవాళ్ళ నడకలో ఒక ధీమా ఉంటుంది. దాన్ని నేను తక్కువ చేయను. హాల్‌మార్క్ ఆరంకెల సంఖ్య లేకుండా నగ అమ్మకూడదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. క్యారెట్ మీటరు పెట్టి నీ నగలో ఎంత బంగారముందో నీ ముందే చెప్పే దుకాణాలు వచ్చాయి. ఇవి మంచి మార్పులే. అనుమానాన్ని మనిషి మీంచి తీసి యంత్రం మీద పెట్టాయి.

కానీ ఈ దారిలో అవుసలి ఏమయ్యాడు? 1963 జనవరిలో బంగారం నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చేయకూడదన్నారు. మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రి. చైనా యుద్ధం అయిన వెంటనే, విదేశీ మారకం కోసం. దేశమంతా స్వర్ణకారుల కుంపట్లు చల్లారాయి, ఆత్మహత్యలు జరిగాయి. 1968లో చట్టమే వచ్చింది, 1990లో రద్దయింది. రద్దయ్యేనాటికి ఒక తరం పని మర్చిపోయింది. తర్వాత అచ్చుపోత యంత్రాలొచ్చాయి. కోయంబత్తూరు, ముంబయి, రాజ్‌కోట్ నుంచి పెట్టెల్లో నగ తయారై వచ్చింది. బజారు అవుసలికి మిగిలింది కొక్కెం అతకడం, ముక్కుపుడక మర బిగించడం, సాగిన గొలుసు కురచ చెయ్యడం. కుంపటి వెనక సందులోకి పోయింది, అద్దం ముందు రోడ్డు మీదికొచ్చింది. ఈ రెండూ ఒకే కాలంలో జరగడం యాదృచ్ఛికం కాదని నా వాదన. చేసే చెయ్యి కనిపించినంత కాలం తిరిగే పళ్ళెం అవసరం లేదు. చెయ్యి మాయమైన చోట కదలిక కావాలి. ఆ ఖాళీలోకి మోటారు వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: మోటారు బొమ్మ పరాయిది, మన సంస్కృతిలో ఎక్కడుంది అని. కదిలే బొమ్మ మనకు పరాయిది కాదు. ఈ జిల్లాల్లో అయితే అస్సలు కాదు. పాలకుర్తి జనగామ జిల్లాలో ఉంది. ఆ ఊరి పేరు మోసిన పాల్కురికి సోమనాథుడు కాకతీయుల కాలంలోనే పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం జాతర ఆటల్ని వర్ణిస్తూ బొమ్మలాటల్ని చెప్పాడు. జనగామకు దగ్గరి చేర్యాలలో నకాషీలు పటం గీస్తే, కాకి పడగలవాళ్ళు, కూనపులివాళ్ళు దాన్ని ఊరి మధ్య కట్టి ఒక్కో గడి విప్పుకుంటూ రాత్రంతా కథ చెప్పారు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది, పటానికి జిల్లా హద్దులు లేవు. తొర్రూరు దగ్గరి అమ్మాపురం కొయ్యబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. జనగామకు కూతవేటు దూరంలో పెంబర్తి ఉంది. లక్క మీద ఇత్తడి రేకు పరిచి ఉలితో కొట్టి దేవుడిని లేపే ఊరు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కదిలించే చెయ్యి, గీసే చెయ్యి, రేకు మలిచే చెయ్యి మూడూ ఇన్ని మైళ్ళలోపే ఉన్నాయి. మన అద్దంలోకి ఒక్కటీ రాలేదు.

తోలుబొమ్మలాటలో ఒక పాత్ర ఉంది. బంగారక్క. పేరులోనే బంగారం. కేతిగాడి జోడీ. రాముడు, రావణుడు మాట్లాడి అలసిపోతే వీళ్ళు దూకుతారు. బంగారక్క సిగ్గుపడదు, ఊరి పెద్దను కూడా వదలదు. ఆమె తిట్టే తిట్లు అచ్చేయలేం. చూసే జనం తిరిగి అరుస్తారు, ఆమె ఊరుకోదు, మళ్ళీ జవాబిస్తుంది. తెర పలచన, అవతలి మాట ఇవతలికొస్తుంది. అద్దం అట్లా కాదు. అద్దం వెనక మెడ ఎంతసేపు తిరిగినా నీతో మాట్లాడదు. నువ్వు అడగలేవు: తరుగు ఎంత? మజూరీ ఎంత? ఈ రాళ్ళ బరువు బంగారం బరువులో కలిపావా? ఈ ప్రశ్నలన్నీ బంగారక్క అడిగేవే. ఆమెకు నోరుంది కాబట్టి ఆమెను ఏ దుకాణమూ అద్దంలో పెట్టదు.

నోరున్న బొమ్మను మన వ్యాపారులు పూర్తిగా మానేశారని అనలేం. టీవీలో లలితా జ్యువెలరీ యజమాని కిరణ్ కుమార్ తానే నిలబడి డబ్బులు ఊరికే రావని చెప్పిన ప్రకటనల్ని తెలుగు దేశమంతా అనుకరించింది, నవ్వింది, గుర్తుపెట్టుకుంది. ఎందుకంటే అది ముఖం, అది మాట, అది తరుగు గురించిన మాట. హీరోయిన్ల ప్రకటనలు ఎన్నో వచ్చాయి, ఎవరికీ ఒక్క వాక్యం గుర్తులేదు. ప్రకటన మంచిదా కాదా అన్నది వేరే చర్చ. జనానికి కావలసింది మెరుపు ఒక్కటే కాదని అది రుజువు చేసింది. అనుమానానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

అసలు ఈ జిల్లాల్లో బంగారం అనే మాటకు ఇంకో అర్థముంది. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు మొక్కేది బంగారమే. ఆ బంగారం బెల్లం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు మేడారం భూపాలపల్లి జిల్లాలో ఉండేది, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా అయ్యాక అటు పోయింది. పెద్ద త్రాసులో ఒకవైపు మనిషి కూర్చుంటారు, రెండోవైపు బెల్లం దిమ్మెలు పేరుస్తారు, సరితూగేదాకా. అక్కడ అద్దం లేదు, మోటారు లేదు. కదిలేది త్రాసు ముల్లు. చుట్టూ నిలబడ్డవాళ్ళందరూ తూకం చూస్తారు. మనిషి పూర్తిగా ఉంటారు, తలతో చేతులతో కాళ్ళతో. తల లేని మెడ మీద ఇరవైరెండు క్యారెట్ల బంగారం, నిండు మనిషి ఎదురుగా బెల్లపు బంగారం. ఈ రెండింటిలో ఏది గొప్ప ప్రదర్శన అని ఒక విమర్శకుడిగా నన్నడిగితే తడుముకోను.

ఒక సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. అద్దంలో హారం నిమిషానికి రెండు మూడు చుట్లు తిరుగుతుంది. ఇంట్లో హారం ఏడాదికి ఒక్క చుట్టు తిరుగుతుంది. వానాకాలం మొదట్లో విత్తనాలకు, ఎరువులకు కుదువకు పోతుంది. పత్తి ఏరి, మిర్చి మార్కెట్టుకేసి, ధర పలికితే ఇంటికొస్తుంది. పలకకపోతే రాదు. మా చిన్నమ్మ నాను ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు పోయి వచ్చిందో ఆమె వేళ్ళ మీద చెప్తుంది. ఏ ఏడాది తెగులొచ్చింది, ఏ ఏడాది వాన ముంచింది అన్నీ ఆమెకు ఆ లెక్కలోనే గుర్తు. బజారులో చూడండి, నగల దుకాణం పక్కనే బంగారం మీద అప్పిచ్చే ఆఫీసు ఉంటుంది. ఒకటి దీపాలతో, ఒకటి ఇనప తలుపుతో. ఒకే బంగారం ఒక తలుపులోంచి బయటికొచ్చి ఇంకో తలుపులోకి పోతుంది. ఇదీ అసలు యంత్రం. దీనికి మోటారు రుతుపవనం. అద్దంలోని పళ్ళెం తిరుగుడు ఈ పెద్ద తిరుగుడును కనబడనివ్వదు. అది పెళ్ళినే చూపిస్తుంది, జూన్ నెలను చూపించదు.

ఒక వ్యాపారిని నీ అద్దంలో రైతు కష్టాన్ని పెట్టమని అడగడం అమాయకత్వం. ఆయన అమ్ముకోవడానికి కూర్చున్నాడు. కానీ అమ్ముకోవడానికి కూర్చున్న వాళ్ళే వెండి హంసను చేయించారు, విదూషకుడిని రాకెట్ పక్కన నిలబెట్టారు. సెకనుకొక దెబ్బ వేసే కమ్మరి గడియారం మీదా వాళ్ళ పేరే ఉంది. వ్యాపారానికీ కల్పనకూ పుట్టుకతో వైరం లేదు. మన దగ్గర కొరత డబ్బు కాదు. మానుకోటలో ఒక డమ్మీల సెట్టు, విద్యుద్దీపాలు, గాజు కలిపి అయ్యే ఖర్చులో అమ్మాపురం కొయ్య, పెంబర్తి రేకు, ఒక మోటారు వస్తాయి. అద్దంలో ఒక అవుసలి బొమ్మ కుంపటి ముందు కూర్చుని ఊదుతుంటే, పక్కన గురిగింజల త్రాసు పైకీ కిందికీ ఊగుతుంటే, ఎదురుగా తలా చేతులూ కాళ్ళూ ఉన్న ఒక ఆడమనిషి బొమ్మ ఒంటి నిండా తన నగలతో కూర్చుని కళ్ళు తిప్పకుండా చూస్తుంటే ఎట్లుంటుంది? పిల్లలు ఆగుతారు. ముసలివాళ్ళు ఆగి పేర్లు చెప్తారు: ఇది కమ్మచ్చు, ఇది ఊదుగొట్టం, ఇది మీ తాతమ్మ కంటె. ఆగినవాళ్ళలో నలుగురు లోపలికి పోతారు, అది వ్యాపారి లాభం.

అవుసలి బొమ్మకు ముఖం ఎవరిది పెట్టాలన్నది తేలిక. వెనక సందులో కొక్కేలు అతుకుతూ ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. పని మానకముందే ఎవరైనా పోయి ఆయన కూర్చునే తీరు, ఊదేటప్పుడు బుగ్గలు ఉబ్బే తీరు గీసుకుని రావాలి.